పసుపు మీద గోధుమరంగు

ఉపేంద్ర కొట్లో ట్యూబ్‌లైటు కింద ఏ రంగైనా బాగానే ఉంటుంది. పెళ్లికూతుళ్లకు మేకప్ వెయ్యడం మొదలుపెట్టిన కొత్తలోనే ఒక ఎర్ర లిప్‌స్టిక్ ప్రవీణకు ఈ సంగతి నేర్పింది. అందుకే ఆయన కనురెప్పలకు వేసే పన్నెండు రంగుల కొత్త ఐషాడో ప్యాలెట్ చేతిలో పెట్టగానే ఆమె మెచ్చుకోనూ లేదు, పెదవి విరవనూ లేదు. కౌంటరు మీదున్న టెస్టర్ పెట్టె మూత తీసింది. ఒక్కో రంగులో వేలు అద్ది, ముంజేతి లోపలివైపు వరసగా గీతలు గీసుకుని, ఆ చెయ్యి చాచుకునే గుమ్మం దాకా నడిచింది. బయట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద సగం మెట్రో లైను నీడ, సగం ఎండ. ఎండ ఉన్న సగంలోకి చెయ్యి పెట్టి చూసుకుంది.

అన్నీ గోధుమరంగులే. మొదటి గీత బియ్యం కడిగిన నీళ్లలా ఉందా లేదా అన్నట్టుంది. చివరిది ముదురు చింతపండులా ఉంది. నడుమ ఉన్నవాటిలో బెల్లం ఎక్కడ మొదలైందో వేయించిన ధనియాలు ఎక్కడ అయిపోయాయో చెప్పడం కష్టం. దారినపోయే మనిషి ఎవరైనా చూస్తే, ఈవిడ అన్నం తిని చెయ్యి సరిగ్గా కడుక్కోలేదనుకుంటాడు.

ఉపేంద్ర లోపలి నుంచే చెప్పుకుపోతున్నాడు. ఆయనది గుడివాడ వైపు. మొదట గాజులు అమ్మి, తర్వాత పౌడర్లు క్రీములు పెట్టి, ఇప్పుడు ఈ వైపు బ్యూటీపార్లర్ల వాళ్లందరికీ సరుకు ఇచ్చే స్థాయికి వచ్చాడు. ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారట. మెరుపులు, నీలాలు, పచ్చలు ఎవరూ ముట్టుకోవడం లేదట. దీన్ని న్యూట్రల్ అంటారట.

"ఎవరికైనా నప్పుతుంది మేడం. న్యూట్రల్ అంటేనే అది," అన్నాడు.

ఎవరికైనా నప్పే చీర అంటే అది ఎవరినీ చూసి నేసింది కాదని ప్రవీణకు తెలుసు. ఆ మాట పైకి అనకుండా పెట్టె వెనక ధర చూసి, తిరగేసి, ఉన్నచోటే పెట్టేసింది. రంగుల పెట్టెలకు ఆమె దగ్గర కొదవ లేదు. ఆలోచించి చెప్తానంది. వచ్చిన స్టాకే తక్కువనీ, ఆదివారం దాటితే తాను మాట ఇవ్వలేననీ ఉపేంద్ర అన్నాడు. అది అందరితోనూ అనే మాటే. అయినా ఆదివారం అనేసరికి ప్రవీణకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఎల్‌బీ నగర్ పెళ్లివాళ్లు ఫోన్‌లో పెట్టిన గడువు కూడా అదే.

కొత్తపేటలో పాత ఊరి వైపు గల్లీలో మామ యాదగిరి కట్టించిన ఇంటి ముందుగదే ప్రవీణ పార్లర్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలనీలైపోయినా ఊరి తీరు వదులుకోని ఇళ్ల ఆడవాళ్లు. వాళ్లకు పెళ్లి మేకప్ అంటే కొట్టొచ్చినట్టు కనిపించాలి. కనురెప్ప మీద బంగారు రంగు, చివరన మెరూన్, కింద దట్టంగా కాటుక. వీడియో లైటు పడితే కళ్లు దీపాల్లా వెలగాలి. ప్రవీణ చెయ్యి అందులో ఎంత తిరిగిందంటే, పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఒక కన్ను పూర్తిచేసి రెండోది అందుకునేది. పన్నెండేళ్లుగా ఆ బంగారు రంగే ఇల్లు నడపడంలో భర్త ధనరాజ్‌కు తోడుగా నిలిచింది.

ఈ ఎండాకాలం ధనరాజ్ అక్క కూతురు జ్యోతిక పెళ్లయింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి జుట్టు కత్తిరించింది, మొదటిసారి కనుబొమలు దిద్దింది ప్రవీణే. పెళ్లికి మాత్రం జ్యోతిక నాగోల్‌లో ఒక స్టూడియోకు పోయింది. ఆ సంగతి ముందే తెలిసినా, పెళ్లిలో ప్రవీణ ఏమీ ఎరగనట్టే తిరిగింది. తర్వాత ఒకరోజు చనువు కొద్దీ అడిగింది. ఆ పిల్ల కోపంగా చెప్పలేదు, అదే బాధ.

"నీ చెయ్యి మంచిదే అత్తా. కానీ నువ్వు చేస్తే అందరం అక్కచెల్లెండ్ల లెక్క కనిపిస్తం. నాకు నా లెక్క ఉండాలనిపించింది."

ప్రవీణ నవ్వేసి, మంచి పని చేశావంది. ఆ సాయంత్రం ఫోన్‌లో దాచుకున్న పాత పెళ్లిళ్ల ఫొటోలు ఒక్కొక్కటే తోసుకుంటూ చూసింది. కోలముఖం, గుండ్రటి ముఖం, పెద్ద గడ్డం, చిన్న నుదురు. ఏ ఇంటి పిల్ల ఆ ఇంటి పిల్లలాగే ఉంది, కళ్లు తప్ప. ఒకే జత కళ్లను ఇంటింటికీ అరువిచ్చి మళ్లీ తెచ్చుకున్నట్టుంది. అప్పటి నుంచి ఆ మాట ఆమెను వదలలేదు. బంగారు రంగులో బ్రష్ ముంచుతుంటే, ఈ ముఖాన్ని చూసి ముంచుతున్నానా, అలవాటు కొద్దీ ముంచుతున్నానా అని అనుమానం. కొత్త ప్యాలెట్ కొంటే ఆ అనుమానం తీరుతుందా, లేక పాత అలవాటుకు పన్నెండు కొత్త రంగులు చేరతాయా అన్నది ఆమెకు తేలడం లేదు.

ఎల్‌బీ నగర్ పెళ్లి సరిగ్గా ఆ సమయంలోనే వచ్చింది.

పెళ్లికూతురు సింధూర బ్యాంకు ఉద్యోగి. చౌరస్తా వెనక అపార్టుమెంటులో ఉంటారు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా వాళ్లింట్లో మాటా, కాఫీ ఏమీ మారలేదు. ఎవరో చెప్పగా సింధూర తల్లి లలితకుమారి ఫోన్ చేసి, ఆదివారం లోపల మేకప్ సంగతి తేల్చుకోవాలని చెప్పి, పిలిపించింది. మంగళవారం మధ్యాహ్నం ప్రవీణ వెళ్లేసరికి హాల్లో సోఫా పక్కన చాప వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎదురుగా పాత గుడ్డ మీద పసుపు కొమ్ములు ఆరబోసి, ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నచ్చనివి పక్కకు నెడుతోంది. ఆవిడ శేషారత్నం, లలితకుమారి అత్తగారు. కాఫీ ఇచ్చాక లలితకుమారి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కానీ ఆ హాలు గొంతు తగ్గించి మాట్లాడుకునేంత పెద్దది కాదు.

నాగోల్ వైపే ఇంకో స్టూడియో వాళ్లతో ముందు మాట్లాడుకున్నారు. వాళ్లు అన్నిటికీ సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. పెళ్లికి వారం ముందు నుంచి పెళ్లికూతురు ముఖానికి పసుపు తగలకూడదు. నలుగు పెట్టేటప్పుడు కాళ్లకూ చేతులకూ రాసుకోవచ్చు, ఫొటో కోసం బుగ్గ మీద చిన్న చుక్క పెట్టి తుడిచెయ్యాలి. పసుపు చర్మానికి పట్టిందంటే తాము వేసే లేతరంగులు నిలబడవని ముందే చెప్పేశారు. ఈ ఇంట్లో మాత్రం ప్రతి ఆడపిల్లకూ పెళ్లినాటి తెల్లవారుజామున మంగళస్నానానికి నలుగు పెట్టింది శేషారత్నమే. కొమ్ములు తానే ఏరుకుని, తానే అరగదీసి, నూనె కలిపి, నుదుటి నుంచి పాదం దాకా తానే రాస్తుంది. లలితకుమారికి కూడా, కోడలిగా ఆ ఇంటికి రాకముందే, మేనకోడలిగా రాసింది.

"ఆవిడతో వద్దని చెప్పడం నావల్ల కాదండీ. అమ్మాయేమో ఆ మేకప్పే కావాలంటుంది," అంది లలితకుమారి.

శేషారత్నం కొమ్ముల మీంచి తల ఎత్తలేదు. "పసుపు తగలకపోతే అది పెళ్లెలా అవుతుందమ్మా, ఫొటో అవుతుంది," అంది.

ఆ పూట సెలవు పెట్టి పక్కనే కూర్చున్న సింధూర ముఖం చిన్నబోయింది. ప్రవీణను తన గదిలోకి తీసుకెళ్లి ఫోన్‌లో ఒక పెళ్లికూతురి బొమ్మ చూపించింది. ఎవరో తెలియదు, ఎక్కడో తెలియదు. కనురెప్పల మీద రంగు ఉందో లేదో తెలియనంత పల్చగా, తడి ఆరని గవ్వలాంటి లేత మెరుపు. గోధుమరంగుల్లో కలిసిపోయిన కళ్లు. తన పెద్దమ్మ కూతురి పెళ్లి వీడియో చూసినప్పుడు, ఇదెవరు అని తాను నిజంగానే అడిగిందట. తన పెళ్లి వీడియో పదేళ్ల తర్వాత చూసుకుంటే తనే కనిపించాలట. ఇంత చెప్పి, ఫోన్ పక్కన పెట్టి, పసుపు వద్దన్నది స్టూడియో వాళ్లేగానీ తను కాదంది.

"మామ్మ చెయ్యి కూడా కావాలక్కా నాకు. రెండూ కావాలంటే ఎవరూ కుదరదంటున్నారు."

వెళ్లేటప్పుడు లలితకుమారి గుమ్మం దాకా వచ్చి, ఫోన్‌లో అన్నట్టే ఆదివారం లోపల ఏదో ఒక మాట చెప్పమంది. ప్రవీణ వల్ల అవుతుందంటే స్టూడియో వద్దనుకుంటారు. కాదంటే ఎలాగోలా ముసలావిడకు నచ్చచెప్పుకోవాలి. ప్రవీణ నోటి చివరకు 'అయితది మేడం' అన్న మాట వచ్చి ఆగింది. మామూలుగా అది ఆగే మాట కాదు. ఆ మాటతోనే ఎన్నో పెళ్లి బేరాలు కుదిరాయి.

ఎందుకు ఆగిందో మెట్రోలో కూర్చున్నాక అర్థమైంది. కొట్లో ముంజేతి మీద గీసుకున్నవాటిలో సబ్బుకు పోని ఒకటి రెండు గోధుమరంగు గీతలు ఇంకా ఉన్నాయి. చేతి మీద బాగానే కనిపించాయి. కానీ ఆ చేతికి పసుపు తగిలి ఎన్నేళ్లయిందో. బ్రష్‌లకూ తువ్వాళ్లకూ మరకలు పడతాయని పార్లర్ పెట్టిన ఏడాదే ఆమె ముఖానికి పసుపు మానేసింది. ఇన్నాళ్లూ మేకప్ వేసిన పెళ్లికూతుళ్లందరూ మంగళస్నానం చేసి నేరుగా ఆమె ముందు వచ్చి కూర్చున్నవాళ్లే. ఎంత సున్నిపిండితో రుద్దినా రెప్పల మీద, ముక్కు పక్కన, నుదుటి అంచున పసుపు ఉండే ఉంటుంది. అది ఆమెకు ఒక్కనాడూ అడ్డు రాలేదు. పసుపు మీద బంగారం వేస్తే పసుపు ఎక్కడ పోయిందో ఎవరికి తెలుస్తుంది? తాను ముఖం చూడలేదు సరే, ముఖానికి రాసిన పసుపు కూడా చూడలేదు.

మరునాడు పొద్దున నల్లా దగ్గర అత్త ఆండాలు ముఖం కడుక్కుని, అరచేతిలో పసుపు తడిపి, బుగ్గలకూ నుదుటికీ రెప్పలకూ రాసుకుంటుంటే ప్రవీణ చేతిలో చీపురు పట్టుకుని అట్లాగే నిలబడి చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆండాలు ఒక్కరోజు మానింది లేదు. యాభై ఏళ్ల పసుపు ఆ చర్మంలోకి ఇంకిపోయి, ఇప్పుడు అది రాసుకున్న రంగులా కాక పుట్టు రంగులా ఉంటుంది.

ఆ పసుపు మీద రంగులు పెట్టి చూస్తానని అడగ్గానే ఆండాలు ఒప్పుకోలేదు. ఈ వయసులో కళ్లకు రంగులు పెట్టుకుంటే గల్లీలో నవ్వుతారంది. ఎవరికీ కనిపించని రంగులని ప్రవీణ చెప్తే, కనిపించని రంగులను పైసలు పెట్టి ఎందుకు కొంటావే అని అడిగింది. చివరకు గురువారం దిల్‌సుఖ్‌నగర్ బాబా గుడికి ఎట్లాగూ పోతుంది కనుక, దర్శనం అయినాక వచ్చే దారిలో కొట్టు దగ్గర ఆగుతానంది. చెరుకురసం ఇప్పించాలి, మామకు చెప్పకూడదు, ఇవీ ఆమె షరతులు.

గురువారం ఉపేంద్ర కొట్టు గుమ్మం దగ్గర, వెలుతురు నేరుగా పడేచోట స్టూలు వేయించుకుంది ప్రవీణ. ఆండాలు గుడి బొట్టుతో, చేతిలో ప్రసాదం పొట్లంతో వచ్చి, మంగలి ముందు కూర్చున్నట్టు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. కొట్లో క్లిప్పులు బేరమాడుతున్న కాలేజీ పిల్లలు ఇద్దరు తల తిప్పి చూశారు. టెస్టర్‌ను ఇట్లా ముసలివాళ్ల ముఖాల మీద వాడతారని ఉపేంద్ర ఎప్పుడూ అనుకుని ఉండడు గానీ, పాత ఖాతాదారు కాబట్టి ఊరుకున్నాడు.

ముందు సింధూర ఫోన్‌లో ఉన్న లేత మెరుపు వేసింది. చేతి మీద గవ్వలా ఉన్న రంగు పసుపు రెప్ప మీదికి వచ్చేసరికి బూడిదైంది. బ్రష్‌తో ఎంత నయంగా కలిపినా, బూజు దులిపేటప్పుడు కంట్లో పడ్డట్టే ఉంది. స్టూడియో వాళ్లు అబద్ధం చెప్పలేదన్నమాట. తుడిచేసి, కొంచెం గులాబీ ఛాయ ఉన్న గోధుమరంగు పెట్టింది. అది ఇంకా అన్యాయం. పసుపుతో కలిసి, జ్వరం వచ్చి తగ్గిన మనిషి కళ్లలా పీక్కుపోయినట్టు కనిపించింది. అదీ తుడిచేసింది. పెట్టెలో సగం రంగులు అట్లాగే పోయాయి.

తర్వాత బెల్లం రంగు తీసింది. వేలి కొసతో అద్ది, రెప్ప మధ్యలో పెట్టి, అంచులకు పల్చగా లాగింది. ఈసారి పసుపు దాన్ని తోసెయ్యలేదు. అడుగున నిలబడి పైకి ఎత్తినట్టుంది. రెప్ప ముడత దగ్గర చింతపండు రంగు కొద్దిగా నింపింది. అప్పుడు కనిపించింది ఆమెకు, అత్త కుడిరెప్ప ఎడమదాని కంటే కొంచెం కిందికి జారి ఉందని. ఎడమ కనుబొమ చివర అమ్మవారు పోసినప్పటి చిన్న గుంట ఉందని. వెంట్రుకలు నెరిసినా రెప్పల వెంట్రుకలు ఇంకా నల్లగా, పొడుగ్గా ఉన్నాయని. ఇరవై ఏళ్లుగా ఆ చేతి వంట తింటోంది, ఆ ముఖంతోనే పోట్లాడుతోంది. పార్లర్‌లో కుర్చీలో ఒక ముఖం కూర్చోగానే ఆమె కళ్లు ఏం కప్పాలా అని వెతుక్కుంటాయి. ఇక్కడ కప్పే పని లేదు. కుడిరెప్ప జారి ఉంది కనుక అటువైపు రంగును ఒక నువ్వుగింజంత పైకి లాగింది. రెండు కళ్లూ సమానమయ్యాయి. అది బంగారు రంగుతో ఎన్నడూ చెయ్యని పని, చెయ్యాలని తోచని పని.

ఆండాలు అద్దం తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకుంది. "ఏం పెట్టినవే? ఏం కనిపిస్తలేదు," అంది. కానీ అద్దం వెంటనే ఇవ్వలేదు.

ఉపేంద్ర ప్యాలెట్ మీది ప్లాస్టిక్ తుడుస్తూ ప్యాక్ చెయ్యమంటారా అన్నాడు. ప్రవీణ సాయంత్రం దాకా ఆగమంది. పెళ్లి వేరు, కొట్టు గుమ్మం వేరు. తెల్లారకముందు స్నానం, పొద్దున ముహూర్తం, భోజనాలయ్యేదాకా వీడియో. హోమం పొగ, చెమట, ఏడుపు. అన్నిటికీ తట్టుకోవాలి. అత్తను ముఖం మీద నీళ్లు పోసుకోవద్దనీ, కొంగుతో తుడుచుకోవద్దనీ బతిమాలింది.

"ఇంటికి పోయి సర్వపిండి చేసేది ఉన్నది. పొయ్యి కాడ చెమటొస్తే ఎట్లనే?"

"రానియ్యి అత్తమ్మా. నాకు చెమటే కావాలె."

"ఏం పనులో ఏమో మీయి," అంటూనే ఆండాలు చెరుకురసం బండి వైపు నడిచింది.

ఆ రోజంతా ప్రవీణ మనసు వంటింట్లోనే ఉంది. కనుబొమలకు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, దారం నోట్లో పెట్టుకునే లోపల ఒకసారి, జుట్టుకు హెన్నా పెట్టి ఆరేలోపల ఇంకోసారి లోపలికి వెళ్లి అత్త కళ్లు చూసి వచ్చింది. ఆండాలు గంజు గిన్నె మీద మూత తీసినప్పుడల్లా ఆవిరి ముఖానికి కొట్టింది. చెమట కణతల మీదుగా దిగింది. అలవాటు కొద్దీ చెయ్యి కొంగు మీదికి పోయి, మళ్లీ తనంతట తానే ఆగింది. ఆ ఆగడం చూసి ప్రవీణకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర యాదగిరి మామూలుగా పళ్లెంలోనే చూసుకుంటూ తింటున్నాడు. ఆయన తినేటప్పుడు తలెత్తడు, మాట్లాడడు. మెట్రో లైను కోసం ఎవరి జాగ ఎంత పోయిందన్నది ఒక్కటే ఆయనను అన్నం మధ్యలో మాట్లాడించగల విషయం. పెరుగు వెయ్యడానికి ఆండాలు వంగితే తల ఎత్తాడు. కొంచెంసేపు అట్లాగే చూశాడు.

"రాత్రి మంచిగ నిద్ర పట్టినట్టున్నది నీకు," అన్నాడు.

ఆండాలు కోడలి వైపు ఒక చూపు చూసి, గరిటె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ప్రవీణ తల వంచుకుని అన్నం కలుపుకుంది. రాత్రి కరెంటు పోయి అందరూ గుమ్మంలో కూర్చున్న సంగతి ఆయనకూ తెలుసు.

మధ్యాహ్నం అత్త కునుకు తీసి లేచాక ప్రవీణ ఆమెను వాకిట్లోకి తీసుకొచ్చి మళ్లీ చూసింది. ఎడమరెప్ప ముడతలో రంగు సన్నటి దారంలాగా పేరుకుంది. కుడివైపు నిలిచింది. ప్రవీణ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ దారం వయసు వల్ల పడిన ముడతదా, పసుపు వల్ల వచ్చిన జిడ్డుదా? సింధూర రెప్పలు బిగువుగా ఉంటాయి, ముడత లేదు. కానీ శేషారత్నం పెట్టేది ఉత్త పసుపు కాదు, నూనె కలిపిన నలుగు. అక్కడ జిడ్డు ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఈ ముఖం మీద చూసి ఆ ముఖానికి మాట ఇవ్వడం ఎంతవరకు న్యాయమో ఆమెకు తెలియలేదు.

ఒక్కటి మాత్రం కళ్లెదురుగా ఉంది. రంగు పేరుకుంది గానీ మారలేదు. పొద్దున బెల్లంలా పెట్టింది ఇప్పటికీ బెల్లంలాగే ఉంది. పేరుకున్న రంగును పౌడరు అద్ది సరిచెయ్యొచ్చు, పక్కనే నిలబడి అవసరమైనప్పుడల్లా సరిచెయ్యొచ్చు. మారిపోయిన రంగునే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మరి ప్యాలెట్ మొత్తం ఎందుకు? పన్నెండులో తనకు పనికొచ్చేవి నాలుగు. విడిగా అమ్మరు. పార్లర్‌లోకి వెళ్లి తన దగ్గరున్న పాత పెట్టెలన్నీ తెరిచింది. మెరూన్‌లో బంగారం కలిపి, కాటుక పొడి కొంచెం చేర్చి చూసింది. అద్దంలో తన రెప్ప మీదే పెట్టుకుంది. ఎర్రగా తిరిగింది. మళ్లీ కలిపితే నల్లగా తిరిగింది. మూడోసారి దాదాపు వచ్చింది, కానీ రెండో కంటికి అదే మళ్లీ రాలేదు. పైగా అన్నిటిలోనూ ఆ పాత మెరుపు ఉంది, ఎంత కలిపినా చావదు. పెళ్లిపీటల దగ్గర ఒక కన్ను ఒక రంగు, ఇంకో కన్ను ఇంకో రంగు పెట్టి ఆ పిల్లను కూర్చోబెట్టలేదు. ఈ ప్యాలెట్ చేసినవాళ్లు పసుపు రాసుకునే ముఖాన్ని మనసులో పెట్టుకుని చెయ్యలేదు. అయినా ఆ నాలుగు రంగులు అందులోనే ఉన్నాయి. మిగతా ఎనిమిదీ వాటితో వచ్చిన చుట్టాలు. భరించాలి.

అంత తేలాక కూడా ఫోన్ చేతిలోకి తీసుకోవడానికి కొంత సేపు పట్టింది. లలితకుమారికి చేద్దామనుకుని, సింధూరకు చేసింది. ఆ రంగును ముఖం మీద మోయవలసింది ఆ పిల్ల. ఇంకా బ్యాంకులోనే ఉన్నట్టుంది, వెనక ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

ప్రవీణ మంచి మాట ముందు చెప్పలేదు. ఆ ఫొటోలో పిల్ల కళ్ల మీదున్న తెల్ల మెరుపు నీకు రాదంది. పసుపు మీద అది బూడిదవుతుందని తన అత్త ముఖం మీద చూశానంది.

"బెల్లం రంగు పెడ్త, చింతపండు రంగు పెడ్త సింధూరా. దూరం నుంచి చూసినోళ్లు ఏం పెట్టలేదనుకుంటరు. దగ్గర నుంచి చూస్తే నీ కండ్లే. ఆ ఫొటో మాత్రం రాదు. అదే కావాలంటే ఆ స్టూడియోకే పో, నాకు కోపం లేదు."

టోకెన్ నంబరు ఇంకోసారి వినిపించింది. ఇట్లాంటప్పుడు మాటలు చేర్చి బేరం దక్కించుకోవడం ఆమెకు బాగా తెలుసు, అయినా నోరు తెరవలేదు.

"మామ్మ రెప్పల మీద కూడా రాస్తుందక్కా," అంది చివరికి సింధూర. "కళ్లు మూసుకోమని, బొటనవేలితో. చిన్నప్పుడు పండగలకి తలంట్లప్పుడు కూడా అంతే. రెప్పల మీద వద్దని చెప్పాలా?"

"చెప్పొద్దు."

"ఎంత రాసినా పర్లేదా?"

ప్రవీణ వాకిట్లోకి చూసింది. ఆండాలు మంచం మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. దించిన రెప్పల మీద సాయంత్రం ఎండ పడుతోంది. ఎడమవైపు సన్నటి దారం ఉన్నచోటే ఉంది.

"ఎంత రాసినా పర్వాలేదు. పొద్దుగాల స్నానం టైముకే నేను ఒస్త. పక్కన్నే కూసుంట. ఆమె చెయ్యి తీసినంక నేను చెయ్యి పెడ్త."

అమ్మకు తను చెప్పుకుంటానంది సింధూర. అపార్టుమెంటు లిఫ్టు తెల్లవారుజామున ఒక్కోసారి ఆగిపోతుందనీ, మెట్లెక్కి రావాల్సి రావొచ్చనీ కూడా చెప్పింది. సరేనంది ప్రవీణ. ఫోన్ పెట్టేసింది. నూనె కలిపిన పసుపు సంగతి ఇంకా తేలలేదు. రేపు పొద్దున అత్తతో నూనె కలిపే రాయించి చూడాలి. దానికి మళ్లీ ఏ షరతులు పెడుతుందో.

చెప్పులు వేసుకుని గేటు తీసింది. ఉపేంద్ర కొట్టు మూసేలోపు పోవాలి.